నేను కాల్చేసిన కోతి పాటల పుస్తకం

మిమ్మల్ని నవ్వించడానికి మీ నాన్న కట్టిన పాట ఒక్కటైనా మీ దగ్గర మిగిలి ఉందా? నా దగ్గర రెండు పాదాలే ఉన్నాయి. ఈ ఉదయం వంటింటి కిటికీలోంచి ఒక కోతి రొట్టె ఎత్తుకుపోతుంటే అవి గుర్తొచ్చాయి.

దక్షిణాఫ్రికాలో ఈ డార్నల్‌లో పెరిగిన నా ఈడువాళ్లారా, తెల్లవాళ్ల పాలన పోయి మనవాళ్లు తొలిసారి ఓటేసిన ఏడాది గుర్తుందా? చక్కెర మిల్లు నుంచి పాకం వాసనతో వచ్చి మా నాయన పాట చెప్పేవాడు. తెలుగు రాత రాని నేను ఒక నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, పక్కన క్రేయాన్లతో బొమ్మ వేసేదాన్ని.

"కోతి మామ వచ్చాడు, కూర కుండ దోచాడు,
మిరపకాయ కొరికాడు, మిల్లు దాకా ఉరికాడు!"

"తోక ఇంత పొట్టిగా ఏసేవేటే?"

"పేజీ అయిపోయింది నాయనా!"

"ఊరు దాటడానికి మనుషులకే పాసులక్కర్లేదిప్పుడు, తోకకెందుకే? పక్క పేజీలోకి దాటించు!"

పదహారేళ్లకు నాకు భక్తి ముదిరింది. ఉపవాస కూటం నుంచి వచ్చి, దేవుని వాక్యం కానిది ఇంట్లో ఉండకూడదని ఆ పుస్తకాన్ని నీళ్ల పొయ్యిలో వేశాను. నాయన చూశాడు.

"దేవుడికి నవ్వు రాదనుకున్నావా అమ్మా?" అన్నాడు. ఆ తర్వాత చనిపోయేదాకా మరో పాట కట్టలేదు.

బైబిల్లో గాడిద చేత మాట్లాడించి ప్రవక్తను సిగ్గుపరిచిన దేవుడు నవ్వును ద్వేషిస్తాడా? ద్వేషించడు! పాపం పాటది కాదు, నాది.

తల్లులారా, తండ్రులారా, ఆదివారం దాకా ఆగకండి. ఈ రోజే బిడ్డ చేతికి పెన్సిలివ్వండి. వచ్చీరాని తెలుగులోనైనా సరే, ఒక పిచ్చి పాట చెప్పండి. బొమ్మ వాళ్లను వెయ్యనివ్వండి. లేవండి, ఇప్పుడే!