ఆమోసన్నయ్య పడవకు ఇత్తడి స్క్రూలు

మా ఆయన దావీదు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వడ్రంగి. రైలు పెట్టెల తలుపులు, కిటికీ చట్రాలు ఆయన చేతి మీదుగా వెళ్ళేవి. తాతల కాలంలో భీమిలి వైపు నుంచి వచ్చినవాళ్ళం, ఇక్కడ మాకు పొలం లేదు, సొంత ఇల్లు లేదు. ఆయనకున్నదల్లా పనిమంతుడన్న పేరు. ఆ పేరంటే ఆయనకు అన్నం కన్నా ఎక్కువ. చెక్కలో ఇత్తడి స్క్రూ బిగిస్తే దాని తల మీది గాడి నిలువుగా నిలబడేదాకా ఊరుకునేవారు కారు.

వరసకు నాకు అన్నయ్య అయ్యే ఆమోసు గార్డుగా రిటైరయ్యాక ఒక పాత అల్యూమినియం పడవ కొన్నాడు. కాసాయి నదిలో చేపలు పట్టడం అతని సరదా. ఆ పడవ వెనక పలకకే చిన్న ఇంజను తగిలిస్తారు. పైన రేకు, లోపల చెక్క. ఆ చెక్క నీళ్ళు తాగి తాగి కుళ్ళిపోయింది. వేలితో నొక్కితే వడకట్టిన టీ పొడిలా వచ్చేసింది. ఎనభై ఆరులో అనుకుంటాను, మా ఆయన దాన్ని తీసేసి, టేకు పలక కోసి పెట్టి, తన ఇత్తడి స్క్రూలతోనే బిగించారు.

"ఏటి బావా, ఇది పడవా, ఫస్టు క్లాసు పెట్టా?" అని నవ్వాడు అన్నయ్య.

"మనం పోయినా ఇది పోదు," అన్నారు ఈయన.

రెండు వానాకాలాలు గడిచాయి. నది నడుమ ఇంజను తిరుగుతుండగా ఆ పలక ఊడిపోయింది. తాడు కట్టి ఉండబట్టి ఇంజను దక్కింది. అన్నయ్య తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు చేరాడట. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు మెల్లగానే చెప్పాడు.

"బావా, నీ పలక ఊడిపోనాది."

చుట్టూ జనం. మా ఆయన మొహం మాడిపోయింది.

"నా పని ఊడదు. తాగీసి ఇంజను బిగించినావేటి? ఎక్కడో గుద్దీసుంటావు."

అన్నయ్య ఒకప్పుడు తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక ముట్టలేదు. అది అందరికీ తెలుసు, మా ఆయనకు మరీ బాగా తెలుసు. అన్నయ్య నవ్వబోయి ఆగిపోయాడు. నేను నా చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాను.

తనదే నిజమని చూపించడానికి ఈయన మర్నాడే నదికి వెళ్ళి, ఊడిన పలకను, దాంతో చిరిగొచ్చిన రేకును గోనెసంచిలో చుట్టి తెచ్చారు. వంటింటి గుమ్మంలో విప్పారు. టేకు గట్టిగానే ఉంది. ఇత్తడి స్క్రూలూ బాగానే ఉన్నాయి. ప్రతి స్క్రూ చుట్టూ రేకు మాత్రం తెల్లటి బూడిదై రాలిపోయింది. వేలు దూరేంత కన్నాలు.

"ఇలాగెందుకయినాది?" అన్నారు.

"పులుసులో ఇత్తడి గరిట వదిలేస్తే మన అల్యూమినియం గిన్నెకి ఇలాగే అవుతాది కదండీ. రెండింటికీ పడదు."

"తెలిసీ చెప్పలేదేటి?"

"మీరు పడవ చేసినారు. మద్దిలో నా పులుసు సంగతి ఏటని చెప్పీది?"

ఆ పూట ఆయన భోజనానికి లేవలేదు.

మా చర్చిలో నెలకొక ఆదివారం ప్రభు బల్ల, ప్రభువు పేర రొట్టె విరిచి పళ్ళెంలో అందరికీ పంచుతారు. తోటివాడికి అన్యాయం చేసి సరిచేసుకోనివాళ్ళు రొట్టె తీసుకోకూడదని పెద్దలు చెబుతారు. పళ్ళెం మా ఆయన ముందుకు వచ్చింది. ముట్టకుండా పక్కవాడికి అందించేశారు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న నాకు చెవులు వేడెక్కాయి.

"ఏటి వదినా, మీ ఆయనకి ఇంకా కోపం తగ్గలేదా?" అంది నా పక్కన కూర్చున్న కృపమ్మ, బయటికి రాగానే.

కోపమైతే బాగుండును. ఇంటికొచ్చి చెబితే, "అలాగే అనుకోనీ," అన్నారు ఈయన. తప్పు చేసినవాడు అలిగినవాడిలా తిరగడం నాకు మరీ సిగ్గనిపించింది. ఆ తరవాతి నెలా అంతే, ఆ పై నెలా అంతే. ఇలా బల్లకు దూరంగా ఉండగానే ఆయనకేమైనా అయితే ఎలాగన్న భయం నాకు పట్టుకుంది.

నోట మాట రాలేదు గానీ చేతులు ఊరుకోలేదు. గోల్‌బజార్‌లో గిన్నెలకు పిడులు వేసే బెంగాలీ దాదా పక్కన కూర్చుని, అల్యూమినియం రివిట్లు కొట్టడం చూసి వచ్చారు. కొత్త పలక చేసి రంగు పూశారు. చలి మొదలయ్యాక, అన్నయ్య లేని పూట పెట్టేసి వద్దామని బయలుదేరారు. పలక రెండో కొస పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. తీరా వెళితే అన్నయ్య అక్కడే వల బాగుచేసుకుంటున్నాడు.

ఈయన పలకరించకుండానే పని మొదలుపెట్టి, పలకరించకుండానే ముగించారు. అన్నయ్య వచ్చి పలకను తడిమి చూశాడు.

"ఇత్తడి లేదేటి బావా? థర్డు క్లాసుకి దింపీసినావా?"

ఈయన తలెత్తలేదు. "రేకుని నా స్క్రూలే తినీసినాయి. ఆ రోజు తాగినావని అన్నాను. తప్పయిపోనాది."

"అందరి ముందూ అనీసి, ఇక్కడ చేపలకి చెప్తావేటి?"

నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు.

ఆ నెల రొట్టె పంచకముందు మా ఆయన లేచి నిలబడ్డారు. ముందు బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నారు.

"పలక ఊడినాది నా పని వల్ల. ఆమోసు బావ తాగలేదు. తెలిసీ ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను."

ఎవరో దగ్గారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పళ్ళెం వచ్చినప్పుడు ఈసారి ఆయన పక్కవాడికి అందించలేదు. రొట్టె తీసుకున్నారు గానీ తల మాత్రం ఎత్తలేదు. ఆ తరవాత ఎవరి పనినీ ఆయన తీసిపారేయగా నేను వినలేదు. నా పని ఊడదన్న మాటా మళ్ళీ అనలేదు.

పోయిన ఏడు ఆయన పోయారు. పెట్టె మూత బిగించడానికి ఎవరో ఇనప స్క్రూలు తెచ్చారు. అన్నయ్య వద్దని, తన జేబులోంచి ఇత్తడివి తీశాడు.

"చెక్కకి ఇయ్యే మంచివి. బావే చెప్పినాడు."

తనే బిగించాడు. వడ్రంగం తెలియని చెయ్యి, స్క్రూల గాళ్ళు తలో వైపుకి తిరిగి ఉన్నాయి. ఆయన చూస్తే అన్నీ విప్పించి మళ్ళీ బిగించమనేవారు. నేను అలాగే ఉండనిచ్చాను.