కారు గదికి రెండు రెక్కల తలుపులు

షట్టర్ పెట్టుకోను అన్నాను. ఈ మాటకు మా ఇంట్లో ఎంత గొడవ జరిగిందో చెబితే మీరు నమ్మరు. నా మాటలు నమ్మకపోవడం అందరికీ అలవాటేగానీ, ఇందులో అబద్ధం ఒకే ఒక్కటి ఉంది. అది వచ్చినప్పుడు నేనే చెబుతాను.

నాచారంలో మేం ఇల్లు కట్టుకుంటున్న రోజులవి. గల్లీ మొత్తానికి కారున్నది మాకే, ఆ కారు నడిపేది నేనొక్కదాన్నే. మా ఆయన రైల్వేలో ఇంజనీరు, పట్టాలు లేనిదాన్ని నడపాలంటే ఆయనకు భయం. హబ్సిగూడలో రిటైరై ఊరికి వెళ్లిపోతున్న ఒక సైంటిస్టు దగ్గర నా టీచరు జీతంతో నేనే కొన్నాను దాన్ని. గుండ్రటి ముక్కు, మీగడ రంగు. ఉప్పల్ చౌరస్తాలో గేదెలు అడ్డమొస్తే హారన్ కొట్టే పని లేదు, వాటికంటే అదే గట్టిగా అరిచేది. ఒకసారి బొట్టు పెట్రోలు లేకుండా ఘట్‌కేసర్ నుంచి ఇంటిదాకా వచ్చింది. దారంతా పల్లం కాబట్టి వచ్చిందంటాడు మా ఆయన. ఒట్టి కుళ్లు.

ఇంటి ముందు వైపు కారుకని ఒక గది వేశాం. దానికి ఏ తలుపు పెట్టాలన్న దగ్గర మొదలైంది పంచాయితీ.

మామయ్యది ఉప్పల్. ఒకప్పుడు వరి పండిన వాళ్ల పొలం మీద ఇప్పుడు బస్సులు తిరుగుతున్నాయి. ఆ పొలం పోయినప్పటి నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. రోడ్డు వైపు గది ఉన్నదంటే అది మల్గి కావాలి, మల్గి అంటే కిరాయికిచ్చే దుకాణం. మా గల్లీలో అప్పటికే ప్రతి ఇంటి ముందూ ఒక మల్గి ఉంది. ఒకదాంట్లో పిండి గిర్ని, ఒకదాంట్లో కిరాయి సైకిళ్లు, ఇంకోదాంట్లో ఎస్టీడీ బూత్. అన్నిటికీ పైకి చుట్టుకునే ఇనుప షట్టర్లే.

"బిడ్డా, కారు ఇయ్యాల ఉంటది, రేపు పోతది. మల్గి ఉంటది. షట్టర్ వెట్టినమనుకో, అది కారుకూ పనికొస్తది, కిరాణంకూ పనికొస్తది."

"మామయ్యా, కారు పోయేది బజారుకు. మళ్ల వస్తది."

మా ఆయన ఇద్దరినీ చూసి తల ఊపాడు. ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు ఊపడం ఆయన పద్ధతి.

ఒక ఆదివారం మామయ్య నన్ను ఉప్పల్‌లో షట్టర్లు చేసే దుకాణానికి తీసుకుపోయాడు, కళ్లారా చూస్తే ఒప్పుకుంటానని. దుకాణం ఆయన ఒంటి చేత్తో షట్టరును ఒక్క తోపు తోశాడు. గడగడమంటూ పైకి పోయి చుట్టుకుంది. "సూసినవా, గాలి లెక్క పోయింది!" అన్నాడు మామయ్య, ఆయనే తోసినట్టు. దించడానికి నా చేతికి కొక్కెం ఉన్న ఇనుప కడ్డీ ఇచ్చారు. నా ఎత్తు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడనివ్వను. అటక మీది డబ్బా దించాలంటే స్టూలు కావాలి, స్టూలు మీద పీట కావాలి. కడ్డీ తగిలించి నా బరువంతా వేసి వేలాడాను. షట్టర్ దిగలేదు, నేనే దిగాను. తర్వాత ఆయనే దించి, కింద నుంచి లేపమన్నాడు. నడుం వంచి లేపితే నా మోకాళ్ల దాకా వచ్చి, ఇక చాలన్నట్టు ఆగిపోయింది.

దుకాణం ఆయన నవ్వలేదు, ఆ మర్యాద ఉంది. కానీ ఓదార్చాడు.

"ఫికర్ జేయకమ్మా. ఇంట్ల మొగోళ్లుంటరు గద, లేపుతరు."

ఆ మాటతో నా మనసులో షట్టర్ శాశ్వతంగా దిగిపోయింది.

ఎందుకంటే నాకు కళ్ల ముందు అంతా కనబడింది. పొద్దున బడికి టైమవుతుంటుంది. మా ఆయన డ్యూటీకి వెళ్లిపోయి ఉంటాడు. నా సొంత కారు ముందు నిలబడి, "మామయ్యా, జర షట్టర్ లేపుతరా" అని పిలవాలి. ఆయన మంచివాడు, లేపుతాడు. లేపుతూ అడుగుతాడు. "ఎటు వోతున్నవ్ బిడ్డా? ఎప్పుడొస్తవ్? ఇప్పుడు అంత అవసరమేమున్నది?" కారు నేర్చుకున్నదే ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పకుండా పోవడానికి. తలుపు నన్ను ఏమీ అడగదు, లేపే మనిషి అడుగుతాడు. అందుకని గది నాదో కాదో తేల్చేది ఆ తలుపే.

ఇంటికొచ్చి చెప్పేశాను. షట్టర్ వద్దు. గోడకు ఆ పక్కనొకటి, ఈ పక్కనొకటి మడతబందుల మీద తిరిగే రెండు చెక్క రెక్కలు కావాలి. గడియ తీసి వేలితో తోస్తే తెరుచుకోవాలి. అదీ బయటికి తెరుచుకోవాలి.

బయటికి అనగానే అత్తమ్మ లేచి కూర్చుంది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వాళ్లక్కది నాగారం. ఎంత దూరమని! అయినా ఆమె అక్కను చూసి ఎన్నో పండగలు దాటాయి. అడిగినప్పుడల్లా మామయ్య "సూద్దాం తియ్" అనేవాడు. నేను కార్లో తీసుకుపోతానంటే, "మీ మామనడగాలె" అని ఆమే వెనక్కి తగ్గేది. అంత నెమ్మదైన మనిషి ఆ రోజు గట్టిగానే అంది.

"ఎక్కడన్న ఉన్నదా పిల్లా? ఇంటి తలుపు లోపలికి తెరుస్తరు. బయటికి తెరిస్తే లక్ష్మి బయటికి వోతది."

"అత్తమ్మా, మెట్లకు వాస్తు కుదరలేదని మామయ్య ఈ గది పొడుగు తగ్గించిండు. కారుకూ తలుపుకూ నడుమ అరచెయ్యి పడుతది, అంతే. లోపలికి తెరిస్తే రెక్క పోయి కారుకు కొట్టుకుంటది. లక్ష్మి లోపల కూసుంటది, నేను బస్టాపుల కూసుంట."

మామయ్య వెంటనే, "అందుకే అంటున్న, షట్టర్" అన్నాడు.

అప్పుడు చెప్పాను ఆ అబద్ధం. అన్నాల దగ్గర, కంచంలో పప్పు కలుపుకుంటూ, కనురెప్ప వేయకుండా చెప్పాను.

"హబ్సిగూడల ఒకాయనకు ఏమైందో తెల్వదా? మల్గిల ఉండంగ షట్టర్ పడిపోయి ఇరుక్కున్నది. పైకి రాదు, పక్కకు రాదు. రోజుల తరబడి లోపల్నే ఉన్నడు పాపం. కింద సందులకెల్లి దోసెలు నెట్టిందట ఆయన పెండ్లాం."

"దోసెలే ఎందుకు?" అన్నాడు మా ఆయన. ఇంజనీరు కదా.

"ఇడ్లీ పట్టదు."

దెబ్బ తగిలిందనుకున్నాను. కొన్నాళ్లకు ఇంటి పని దగ్గర మామయ్య ఎవరికో చెబుతుంటే విన్నాను. "హబ్సిగూడల షట్టర్ పడితే మనిషి లోపల్నే ఉండిపోయిండట. ఊరోళ్లంత గుంజినా లేవలేదట. దోసెలు, అప్పడాలు నెట్టి బతికించిన్రు. అరే, ఏం మజ్బూత్ షట్టర్ అది! గసొంటిదే వెట్టిస్త." నా అబద్ధం ఆయనకు సాక్ష్యమైపోయింది, పైగా అప్పడాలు ఆయన కలిపినవే.

ఇక కథలు పని చేయవని తేలిపోయింది. షట్టర్ వస్తే కారు తాళంచెవి బోరులో పడేస్తానన్నాను. బోరు ఇంకా వేయలేదన్న సంగతి ఆ కోపంలో ఎవరికీ గుర్తురాలేదు, నాకూ రాలేదు. మామయ్య గోడ వైపు తిరిగి, "సరే, తలుపులే పెట్టు, బయటికే పెట్టు. కానీ దర్వాజ మాత్రం శాస్త్రం ప్రకారం నిలబడాలె" అన్నాడు. ఒప్పుకున్నాను. అక్కడే అందరం కలిసి బోర్లా పడ్డాం.

మా దగ్గర దర్వాజ అంటే నాలుగు కర్రలు. రెండు నిలువు, ఒకటి పైన, ఒకటి కింద. కిందిది గడప. మా అత్తమ్మ నోట్లో కడప. అది లేకుండా దర్వాజ నిలబెట్టడం చెక్క పని చేసే ఏ వడ్లాయనకూ రాదు, ఏ ఇల్లాలికీ తోచదు. మంచి రోజు చూశాం. జానెడు ఎత్తు గడపకు అత్తమ్మ పసుపు రాసింది, నేను బొట్లు పెట్టాను, మామయ్య కొబ్బరికాయ కొట్టాడు, మా ఆయన మామిడాకులు కట్టాడు. రైల్వే ఇంజనీరు, లెక్కల టీచరు, సేద్యం చేసి బండ్లు తోలిన మనిషి, ఇంత మందిమి ఆ గడప చుట్టూ నిలబడి దండం పెట్టాం. దాని మీంచి కారు ఎట్లా పోతుందని ఒక్కరికీ తట్టలేదు.

రెక్కలు బిగించిన రోజు కారు తెచ్చాను. గల్లీ అంతా చూస్తోంది. రెండు రెక్కలూ బార్లా తెరిచి, మొదటి గేరులో దర్జాగా ముందుకు పోనిచ్చాను. ముందు టైర్లు గడపకు ఠక్కున తగిలి ఆగాయి. ఇంకొంచెం తొక్కుదామనుకునే లోపల అత్తమ్మ కేక.

"కడప తొక్కద్దు పిల్లా!"

మనుషులమే దాని మీద కాలు పెట్టం, దాటిపోతాం. మరి కారు దాటగలదా? గల్లీ వాళ్లంతా తలో సలహా ఇచ్చారు. ఇటుకలు పేర్చి ఎక్కించమన్నాడు గిర్నాయన. టైర్లు కడిగి, బొట్టు పెట్టి ఎక్కిస్తే తప్పు కాదంది సైకిళ్లాయన భార్య. ఎలా ఎక్కించినా, పొద్దునా సాయంత్రమూ పసుపు గడప మీద టైరు ఎక్కి దిగాల్సిందే. వడ్లాయనను గడప కోసెయ్యమన్నాను. ఆయన రెండడుగులు వెనక్కి పోయాడు.

"పూజ జేసిన కడపకు రంపం వెట్టనమ్మా. నాకు పిల్లలున్నరు." రంపం గోడకు ఆనించి చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

మామయ్య ముఖంలో ఎన్నాళ్ల నుంచో లేని వెలుగు వచ్చింది.

"సూసినవా బిడ్డా, దేవుడే చెప్పిండు. ఇది కారుకు కాదు. ఈ దర్వాజ తీసి ఇంట్ల ఎక్కడన్న వాడుకుందాం, ఇక్కడ షట్టర్ వెడదాం. లోపల కిరాణం ఉంటది, నీ కారు బయట చెట్టు కింద ఉంటది. అవసరమున్ననాడు అడిగితే మేమే తీసి ఇస్తం. ఇంటి ఆడోళ్లు అడగకుండ ఎటు వోతరు, ఎందుకు వోతరు?"

ఆ మాట నన్నే అన్నాడు. అత్తమ్మ మాత్రం అప్పటిదాకా తల మీద పట్టుకున్న కొంగు వదిలేసి ఆయన వైపు చూసింది.

నేను రంపం తీసుకున్నాను. గడప పక్కన కూర్చుని, నిలువు కర్రకు ఆనుకున్న చోట మొదలుపెట్టాను. జీవితంలో అంతకుముందు కోసింది కూరగాయలే. ఆ చెక్క ఎంత గట్టిదంటే రంపం పళ్లే అరిగాయంటే అతిశయోక్తి కాదు. సరే, కొంచెం అతిశయోక్తే. కొంత దూరం దిగి రంపం ఇరుక్కుపోయింది. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. పైన నిలబడి మామయ్య, "వద్దు బిడ్డా, అరిష్టం, నా మాటిను" అంటూనే ఉన్నాడు. మా ఆయన ఆయన వైపు తల ఊపుతున్నాడు.

అప్పుడు అత్తమ్మ వచ్చింది. గడపను వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. చెంబులో నీళ్లు తెచ్చి పసుపు కడిగింది. కొంగు నడుముకు చుట్టి నాకెదురుగా కూర్చుని, రంపం రెండో కొస పట్టుకుంది.

"నువ్వు గుంజు. నేను వదుల్త. మళ్ల నేను గుంజుత."

"లక్ష్మి, అత్తమ్మా?" అన్నాను. ఊరుకోలేని నోరు నాది.

"దానికీ అప్పుడప్పుడు బయటికి వోబుద్ధయితది గద. గుంజు."

గుంజాం. మామయ్య "ఏం జేస్తున్నవే, పిచ్చి లేసిందా!" అని అరిచాడు. ఆమె తల ఎత్తలేదు. కరకర కోస్తూనే చెప్పింది.

"నాగారం వోతున్న."

"ఎవలనడిగినవ్?"

"ఇన్నేండ్లు అడిగిన. ఇయ్యాల చెప్తున్న."

ఒక కొస తెగింది, రెండో వైపుకు జరిగాం. అదీ తెగాక ఇద్దరం కలిసి గడపను పీకి పక్కన పడేశాం. అరచేతులు బొబ్బలెక్కాయి. కారు లోపలికి పోనిచ్చాను. సరిగ్గా సరిపోయింది, వెనక తలుపు దగ్గర అరచెయ్యంత జాగా మిగిలింది. రెక్కలు మూశాను. చూసుకున్నాను. మళ్లీ వేలితో తోశాను. తెరుచుకున్నాయి. ఎవరినీ పిలవలేదు.

అత్తమ్మ అప్పటికే చీర మార్చుకుని వచ్చింది. కోసిన గడపను డిక్కీలో వేయమంది.

"ఇదెందుకు?"

"మా అక్కకు సూపెడ్త. నోటితోని చెప్తె నమ్మది, నీ లెక్కనే అబద్ధమాడుతున్న అంటది."

కారు బయటికి తీస్తుంటే గాలి లేచింది. బయటికి తెరుచుకునే తలుపులతో ఒక చిక్కుంది. గోడకు కొక్కెం పెట్టి పట్టించకపోతే గాలికి తిరిగి వచ్చి కొడతాయి. వడ్లాయన కొక్కేలు బిగించకుండానే చాయ్‌కి పోయాడు. ఎడమ రెక్క ఊగుతూ కారు మీదికి రాబోయింది. మామయ్య ఒక్క అంగలో వచ్చి దాన్ని రెండు చేతులా ఒడిసిపట్టి గోడకు ఆనించి నిలబడ్డాడు. మా ఆయన ఎవరూ చెప్పకుండానే కుడి రెక్క పట్టుకున్నాడు. ఇద్దరి నడుమ నుంచి నెమ్మదిగా బయటికి వచ్చాం.

"ఎప్పుడొస్తరు?" అన్నాడు మామయ్య, రెక్క వదలకుండా.

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె కిటికీ అద్దం దించి, "సూద్దాం తియ్" అంది.

గేరు మార్చాను.