‘కొందరికే’ అనే సీతారామరావు

సీతారామరావు నోట్లో ఒకే ఒక్క ప్రశ్న కాపురముండేది. "ఏసుప్రభువు సచ్చిపోయింది అందరి కోసమా, కొందరి కోసమా?" ఎదుటివాడు "అందరి కోసం" అన్నాడో, చచ్చాడే. "కాదు, కొందరికే!" అంటూ ఆయన కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. "అవునండీ, కొందరికే" అని ఒప్పేసుకున్నవాణ్ణి మాత్రం ఎగాదిగా చూసి, వేరే మనిషిని వెతుక్కుంటూ పోయేవాడు.

పేరేమో సీతారామరావు, చంకలోనేమో బైబిలు. "మా తాత మతం మారినాడు గానీ పేర్లకి ఆ కబురందలేదు" అని ఆయనే నవ్వేవాడు. స్టీలు కర్మాగారంలో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆ చప్పుళ్ళలో సానపట్టిన గొంతు కాబట్టి ఆయన తమ పేట బర్మామైన్స్‌లో గుసగుసలాడితే ఎక్కడో అవతలి పేట కాసిడీహ్‌లో జనం కిటికీలు మూసుకునేవారు.

బీపీ చూస్తున్న డాక్టరుని కూడా ఇదే అడిగాడు. "ముందు నోరు మూసుకోండి, రీడింగు తప్పొస్తోంది" అన్నాడా డాక్టరు. ఒక పెళ్ళిలో బిర్యానీ గుండిగ దగ్గర నిలబడి వంటవాణ్ణి పట్టుకున్నాడు.

"ఎంతమందికి వండినావు?"

"పేటందరికీ సరిపోద్ది బాబాయ్."

"రానోళ్ళు తినరు గదా! మరి రానోళ్ళ కోసం వండినట్టా, వండనట్టా?"

వంటవాడు గరిటె పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. బిర్యానీ అడుగంటింది. "పరలోకం గుమ్మం కాడ కూడా వాదన పెట్టీసి, ఎనకున్నోళ్ళని లోపలికి ఎల్లనివ్వడు ఈ మనిషి" అని భార్య నూకమ్మ నెత్తి కొట్టుకుంది.

అందరికంటే ఎక్కువ నలిగినవాడు పాస్టరు సత్యప్రసాద్. కుర్రవాడు, వెన్నలాంటి మనిషి, గొంతూ అంతే మెత్తన. ఆదివారం ప్రసంగం సగంలో ఉండగా వెనక బెంచీ నుంచి "కొందరికే గదా అయ్యగారూ?" అని వినబడేది. సత్యప్రసాద్ ముఖం ఎర్రబడేది. వాక్యం మీద వాక్యం విసిరి, "అందరికీ!" అని పైకప్పు అదిరేలా అరిచేవాడు. సీతారామరావు ఓడిపోయి కూర్చునేవాడు. పై ఆదివారానికి ఓడిన సంగతి శుభ్రంగా మర్చిపోయి వచ్చేవాడు.

పైడిబాబు లేకపోతే ఇదంతా నవ్వుకుని ఊరుకోవచ్చు. ఆటో నడిపే ఈ పైడిబాబు ఒక క్రిస్మస్ రోజున తాగొచ్చి, ఆటోతో సహా చర్చి పందిట్లోకి దూసుకొచ్చి, సంఘమంతటికీ వండిన బిర్యానీని నేలపాలు చేశాడు. అందరూ ఎప్పుడో క్షమించేశారు. అతనూ తాగుడు మానేశాడు. కానీ మళ్ళీ చర్చి గుమ్మం తొక్కలేదు. భార్య శ్రీదేవిని దింపి, గేటు బయట ఆటోలోనే కూర్చునేవాడు. సత్యప్రసాద్ ఎన్నిసార్లు పిలిచినా ఒకటే మాట.

"నాకు లేదండి అయ్యగారూ. అది మంచోళ్ళకి."

ఎలాగైనా అతన్ని లోపలికి తేవాలని సత్యప్రసాద్ పట్టుదల. ఈ ముసలాయన "కొందరికే" అని అరుస్తుంటే వాడెలా వస్తాడని పాస్టరు బాధ. గుడ్ ఫ్రైడే దగ్గర పడింది. సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల మీద ఆ రోజు ఒక్కొక్కరూ ప్రసంగిస్తారు. వాటిలో ఆరోది, "సమాప్తమైనది" అన్నది, సత్యప్రసాద్ వంతు. ముందుగానే సీతారామరావు ఇంటికి వెళ్ళాడు.

"తాతగారూ, మీ మాటలు వినబట్టే పైడిబాబు బయటుండిపోతున్నాడు. శుక్రవారం మీరు నోరు విప్పకూడదు."

"అలగేనండి."

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నూకమ్మ మొగుడి నుదురు తాకి జ్వరమేమోనని చూసింది.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. ఐదు మాటలు అయ్యాయి. సత్యప్రసాద్ లేచి, "సమాప్తమైనది" అన్నాడు మెత్తగా. "ఆయన పని పూర్తి చేశాడు. మనం కలపాల్సింది ఇంకేమీ లేదు." బయట గూడ్సు బండి పోతోంది. వెనక బెంచీ కిర్రుమంది.

"ఎవరికి పూర్తయింది?"

"తాతగారూ, మాటిచ్చారు!"

"బిర్యానీ పారబోసినోడిక్కూడా పూర్తయిందా?"

శ్రీదేవి తల వంచుకుంది. సత్యప్రసాద్‌కి బుద్ధెరిగాక అంత కోపం ఎప్పుడూ రాలేదు. బల్ల గుద్ది, "పూర్తయింది! అతనికీ పూర్తయింది!" అని అరిచాడు.

"ఒప్పుకోను! కొందరికే!"

"అందరికీ!"

"కొందరికే!"

అప్పుడు కిటికీలో పైడిబాబు తల కనిపించింది, చెమటతో, కోపంతో. "ఏటి బాబాయ్ నీ గోల! అయ్యగారు గొంతు సించుకుంటన్నారు, నీకెక్కదేటి? అందరికీ అంటే అందరికీ!"

"నీక్కూడానా?"

"నాక్కూడా!"

అనేశాక తన మాట తనకే వినబడి పైడిబాబు కొయ్యబారిపోయాడు.

"అయితే లోపలికొచ్చి సెప్పు. కిటికీలోంచి సెప్తే సెల్లదు" అన్నాడు సీతారామరావు, బెంచీ మీద పక్కకి జరుగుతూ.

పైడిబాబు చెప్పులు విడిచి, వాదించడానికే లోపలికొచ్చాడు. ఆ ముసలాయన పక్కనే కూలబడ్డాడు. ఏడో మాట అయ్యేదాకా లేవలేదు. శ్రీదేవి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే నవ్వింది.

ఆరాధన అయ్యాక సత్యప్రసాద్ మజ్జిగ గ్లాసు తెచ్చి సీతారామరావుకి ఇచ్చాడు.

"నిజం చెప్పండి తాతగారూ. మీరు కొందరికే అని నమ్ముతారా?"

"సీ సీ! నానెప్పుడు నమ్మినానండి?"

"మరి ఇన్నాళ్ళూ ఈ రభస దేనికి?"

"ఏటి సెయ్యమంటారు అయ్యగారూ? మీది బంగారంలాటి వాక్యం. కానీ ఊరికే సెప్తే రెండో బెంచీ దాటదు. మీకు కోపమొత్తేనే ఆటో దాకా ఎల్తాది."

సత్యప్రసాద్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు మాత్రం ఎవరూ రెచ్చగొట్టకుండానే గేటు దాటి వినబడింది.