సావనీర్‌లో చోటు దొరకని కిరాణా కొట్టు

2003లో పెళ్లయి అమెరికాలో నార్త్ కరోలినాలోని క్యారీకి వచ్చేనాటికి నా దగ్గర చరిత్రలో ఒక ఎమ్మే, ఖమ్మంలో జూనియర్ కాలేజీలో రెండేళ్లు పాఠం చెప్పిన అనుభవం ఉన్నాయి. ఇక్కడి పార్టీల్లో ఆ మాట చెబితే అందరూ ఒకటే అనేవారు: "ఓ, నైస్. మరి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు ఏదైనా చేయొచ్చుగా?"

అందుకే ఏడేళ్ల తర్వాత మా తెలుగు సంఘం అధ్యక్షుడు ఫోన్ చేసి, పదో వార్షికోత్సవ సావనీర్‌కి సంఘం చరిత్ర రాయమన్నప్పుడు పొంగిపోయాను. నేను రాస్తూ కూర్చున్న వారం రోజులూ మా ఆయనే వండారు. ఆయనకు వచ్చింది పప్పొక్కటే కాబట్టి వారమంతా అదే తిన్నాం.

నాకు తెలిసింది తెలిసినట్టు రాశాను. లోకంలో తొలి నగరాలు ఏ మహానుభావుడో కొబ్బరికాయ కొడితే పుట్టలేదు. మెసొపొటేమియాలో రెండు నదుల మధ్య మట్టి తప్ప రాయి, కలప, రాగి లేనివాళ్లు తమ ధాన్యం, ఉన్ని ఇచ్చి వాటిని తెచ్చుకున్నారు. సరుకు దిగే చోట జనం చేరారు. సరుకు దాచడానికి గోదాములు, వాటి మీద అజమాయిషీకి పూజారులు, ఏ గొర్రె ఎవరిదో గుర్తుంచుకోవడానికి రాత వచ్చాయి.

క్యారీలోనూ అంతే జరిగిందని రాశాను. గుంటూరు నుంచి వచ్చిన దంపతులు లాండ్రీ పక్కన కిరాణా కొట్టు తెరిచేదాకా ఇక్కడి తెలుగువాళ్లలో ఒకరి మొహం ఒకరికి తెలియదు. శనివారం కూరగాయలొస్తే బెండకాయలు ఏరుకుంటూ పరిచయమయ్యారు. కొట్టు అద్దాల తలుపు మీద అద్దె గదుల కాగితం, ఆ పక్కన కూచిపూడి క్లాసు, తర్వాత వ్రతాలు చేయించే పంతులుగారి నంబరు వెలిశాయి. సంఘం తొలి సమావేశం జరిగింది కూడా ఆ కొట్టు వెనక గదిలోనే.

వ్యాసం చదివి అధ్యక్షులవారు స్వయంగా మా ఇంటికి వచ్చారు.

"ఫ్లో చాలా బాగుందమ్మా. ఈ కిరాణా కొట్టు యాంగిల్ ఒక్కటి తీసేద్దాం."

"ఎందుకండీ?"

"చీప్‌గా ఉంటుంది కదా. మనం కల్చర్ కోసం కలిశాం, బెండకాయల కోసం కాదు."

"మొదటి మీటింగ్ అక్కడే కదండీ. మీరు బియ్యం బస్తా మీద కూర్చున్నారని అందరూ చెప్పారు."

ఆయన కాసేపు మా కార్పెట్‌ను పరిశీలించారు. "అది వెన్యూ అమ్మా. వెన్యూ వేరు, విజన్ వేరు."

లేచి వెళ్తూ ఇంకొకటి అడిగారు. "మనిషి మొదట రాసింది గొర్రెల లెక్కలంటారేంటి? శ్లోకాలై ఉంటాయి. ఒకసారి గూగుల్ చేయండి." గొర్రెల తరఫున వాదించే ఓపిక నాకు లేకపోయింది.

సావనీర్ అచ్చయింది. 'భాషా సంస్కృతుల పట్ల తపన గల కొందరు దార్శనికులు ఒకచోట కలిశారు' అని మొదలైంది. ఆ 'ఒకచోట' ఎక్కడో చివరిదాకా లేదు. వ్యాసం కింద నా పేరుంది. నేను రాసినదాంట్లో మిగిలింది అదొక్కటే. సభలో అధ్యక్షులవారు శాలువా కప్పించుకుంటుంటే, కొట్టు నడిపే ఆవిడ హాలు చివర బల్ల వెనక నిలబడి అందరికీ పులిహోర వడ్డిస్తోంది.

నాకు కడుపు మండింది. మరుసటి శనివారం నా అసలు వ్యాసం ప్రింట్ తీసి కొట్టుకు తీసుకెళ్లాను. నా ధైర్యం చూసి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటుందని ఊహించుకున్నాను కూడా. ఆవిడ కౌంటర్ దగ్గర నిలబడే ఓపిగ్గా మొత్తం చదివింది.

"ఆ ఊళ్లల్లో సరుకు చూసుకున్నోళ్ల పేర్లు ఏమన్నా తెలిసినయ్యా?" అని అడిగింది.

"కొన్ని తెలిశాయక్కా. తొలి రాతల్లో రాజుల కంటే ముందు వాళ్ల పేర్లే కనిపిస్తాయంటారు."

"మరి నా పేరేదీ ఇందులో?"

చూశాను. 'గుంటూరు నుంచి వచ్చిన దంపతులు' అని ఉంది. ఏడేళ్లుగా అక్కా అని పిలుస్తూ బెండకాయలు కొన్నానే తప్ప ఆవిడ పేరేమిటో నాకు తెలియదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది, అయినా చెప్పాను. ఆవిడ కౌంటర్ మీదున్న పెన్ను అందుకుంది. 'దంపతులు' కొట్టేసి, తన పేరూ భర్త పేరూ రాసి కాగితం తిరిగిచ్చింది.

"కొంచెం తొందరగా కానివ్వండి" అన్నాడు లైన్లో నా వెనకున్నాయన.

తర్వాతి సావనీర్‌కి నన్నడగలేదు. సంఘం చరిత్ర ఒక గుండె డాక్టరుగారు రాశారు.