వదినకు నేర్పిన సైకిల్

పొద్దున కాఫీ చల్లారిపోయేదాకా ఫోనులో వచ్చిన ఒక్క ఫోటోనే చూస్తూ కూర్చున్నాను. మా వదిన వియత్నాంలో ఉంది. మా వేలూరు ఆడవాళ్ళ సైకిల్ జట్టు ఈ ఏడాది అక్కడి కొండలెక్కడానికి వెళ్తే, నేను మోకాలికి పట్టీ కట్టుకుని ఇంట్లో ఉండిపోయాను. అందరూ ఆ ఫోటోకు చప్పట్లూ పువ్వులూ పంపారు. నేనేమీ పంపలేదు. కడుపు మండుతోంది, అబద్ధమెందుకు?

ఎందుకు మండదు చెప్పండి, ఆమెకు సైకిల్ నేర్పింది నేను! మా అన్నను పెళ్ళాడి పరదరామి నుంచి మా ఊరు గుడియాత్తం వచ్చేనాటికి ఆమెకు సైకిల్ నడిపించుకుపోవడం కూడా రాదు. మగ్గాల మధ్య పుట్టి, నాన్న నూలు మూటలు తెచ్చే సైకిల్ మీద కాళ్ళందని వయసు నుంచే ఊరంతా తిరిగిన నాకేమో ఒకటే గర్వం. వీధి పొడవునా పడుగు దారాలు చాచి గంజి పెట్టే మా వీధిలోనే, క్యారియర్ పట్టుకుని, "భయపడాకు వదినా, నేను పట్టుకోనుండా, తొక్కు" అని చెబుతూనే, సైకిల్ నేర్పేవాళ్ళంతా చేసే పనే చేశాను, చెయ్యి వదిలేశాను. ఆమె నేరుగా పోయి పక్కింటివాళ్ళ పడుగులో దూరింది. తెగిన పోగులు ముడివేస్తూ ఇద్దరం ఎండలో కూర్చున్నాం, నవ్వాపుకోలేక ముళ్ళు తప్పుతూ.

చూస్తుండగానే నాకంటే బాగా తొక్కడం మొదలుపెట్టింది. నేను పెళ్ళై వేలూరు వచ్చేశాక ఆ సైకిలూ ఆమెదే అయిపోయింది. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆమె బజారు నుంచి గంట కొట్టుకుంటూ వస్తుంటే, నా సైకిలే కదా అని లోలోపల ఉడుక్కునేదాన్ని.

తరువాత అన్నా వదినలూ వేలూరు చేరారు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, పొద్దున్నే కోట చుట్టూ తొక్కే ఆడవాళ్ళతో మేమిద్దరం కలిశాం. వాళ్ళతోనే మొదటిసారి విమానమెక్కి శ్రీలంక వెళ్ళాం. అక్కడి పందెం తమాషాది, ముందు చేరినవాళ్ళకు ఏమీ లేదు, జట్టులో ఆఖరి మనిషి పొద్దు గూకేలోగా కొండమీదికి చేరితేనే అందరూ గెలిచినట్టు. ఆ ఆఖరి మనిషిని నేనే. తేయాకు తోటల మధ్య మలుపు తిరిగినప్పుడల్లా ఎక్కడో పైన వదిన పచ్చ చొక్కా కనిపించేది, కాళ్ళ నొప్పి కంటే అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. ఇక దిగిపోదామనుకుంటుండగా, ఎక్కిన దారంతా ఆమె వెనక్కి దిగివచ్చింది. పక్కన తొక్కుతూ నా వీపు మీద చెయ్యి ఆనించి, "నేను పట్టుకోనుండా లే పాపా, తొక్కు" అంది. వద్దని విసుక్కున్నాను, వినలేదు. ఆ కోపంతోనే తొక్కాను. పైన మావాళ్ళు కేకలు వేస్తుంటే గానీ తెలియలేదు, వీపు మీద చెయ్యి లేదు.

"యాడ వదిలేసినావు?" అన్నాను రొప్పుతూ.

"మన వీధి పడుగు కాడే" అని పడీ పడీ నవ్వింది.

జట్టు గెలిచింది. అందరూ ఆమెనే మెచ్చుకున్నారు, నాకు మళ్ళీ మంట.

ఇప్పుడు ఆ వీధిలో పడుగులు చాచేవాళ్ళు తగ్గిపోయారు, నాన్న సైకిల్ ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. కళ్ళజోడు పెట్టుకుని ఫోటో పెద్దది చేశాను. వదిన కెమెరా వైపు చూడటం లేదు. జట్టులో కొత్తగా చేరిన ఎవరో చిన్నపిల్ల ఆమె పక్కన ఆయాసపడుతూ తొక్కుతోంది, ఆ పిల్ల వీపు మీద వదిన చెయ్యి ఉంది. ఇన్నేళ్ళూ నా అసూయంతా వదిన మీదే. ఈ పొద్దున మాత్రం, ముక్కూ మొహం తెలియని ఆ పిల్లను చూసి ఓర్వలేకపోతున్నాను.