కొట్టం గోడ మీది బొగ్గుచుక్కలు

ఆండర్సన్‌పేటలో మా ఇంటి వెనక కొట్టంలో రెండు ఆవులు. ఒకటి ఒట్టిపోయేసరికి రెండోది ఈనేది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పాలు కేంద్రానికి పోస్తాను. శని, ఆదివారాల పాలు ఇంట్లో పెరుగుకు. బంగారు గని మూతపడి పని పోయాక ఆవుల్ని తెచ్చిన మా ఆయన పెట్టిన పద్ధతి అది. ఐదు రోజుల లీటర్లు కూడి, గోడ మీద వరసగా రాసిన అంకెల్లో ఆ అంకెకు పైన, పాత చుక్కల మీద ఇంకో బొగ్గుచుక్క పెడతాను. మూడో తరగతి చదువు అందుకు చాలు.

మా అమ్మాయి లెక్కల్లో ఎమ్మెస్సీ. కోలారులో కాలేజీ ఉద్యోగానికి రెండుసార్లు పోతే, పాఠం చెప్పించి, పిల్లలకు అర్థం కాదని పంపేశారు. మూడోసారి పిలిచారు. ఇదీ పోతే బట్టల అంగడిలో చేరతానంది.

ఆ సాయంత్రం నేను పాలు పిండుతుంటే కాగితాలతో వచ్చి కూర్చుంది.

"ఏం పాఠం అమ్మణ్ణీ?"

"దినదినం మారే అంకెలమ్మా. ఒక్కో దినం ఎంతొస్తాదో తెలీదు. శానా దినాలు కూడినామంటే ఆ మొత్తాలు నడుమ గుట్టగా చేరతాయి, రెండు పక్కలా పలచనైతాయి. ఒక దినానికీ ఇంగో దినానికీ సంబంధం లేకుంటే సులువు."

"సంబంధం లేకుండా యాడుంటాది? ఇది నిన్న కుక్కను చూసి బెదిరింది. ఈపొద్దూ పాలు సరిగ్గా చేపలేదు. ఎల్లుండికి మరిచిపోతాది."

అమ్మాయి గోడ వైపు చూసింది. చుక్కలు నడుమ గుట్టగా ఉన్నాయి. రోజువారీ పాలు ఎంతెంతో అడిగింది. కిందటి ఏడాదివి నోటికే చెప్పాను. రాసుకుని, లెక్కవేసి, తనూ ఒక గుట్ట గీసింది. అది సన్నంగా వచ్చింది.

"నీ చుక్కలు తప్పమ్మా."

"మీ నాయన ఉన్నప్పట్నించీ పెడతాండా. నీ గుట్టే పస్తుండాది, చూడు."

నవ్వబోయి ఆగింది. "దినాల్ని ఒకదానికొకటి పరాయివాళ్లను చేసినానమ్మా. ఒక బెదురు మూడు దినాలు పట్టుకుంటే వారం మొత్తం బాగా పడిపోతాది. మంచి మేత దొరికితే అట్లే ఎగుస్తాది. అందుకే నీ గుట్ట వెడల్పు."

ఒక రోజు పక్క రోజును ఎంత పట్టుకుంటుందో కూడా కలిపి మళ్లీ గీసింది. ఈసారి గోడ మీది గుట్టలాగే వచ్చింది.

"వారానికీ వారానికీ నడుమ రెండు దినాలు వదిలేసినావు చూడు, ఒక వారం బెదురు ఇంగో వారానికి పాకలేదు. ఈ పాఠంలో లెక్కల పెద్దోళ్లూ ఇట్లే నడుమ కొన్ని దినాలు వదిలేస్తారు."

కాలేజీలో గోడ ఫొటో చూపించి పాఠం చెప్పింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "ఆవుకు బెదురు పోయిందా అని ఒక సారు అడిగినాడమ్మా" అంది. పది రోజులకు ఉద్యోగం కాగితం వచ్చింది.

ఆ శనివారం పాలన్నీ పాయసం చేసి, మొదటి గిన్నె మా ఆయన ఫొటో ముందు పెట్టాను. ఆ రెండు రోజులు వదిలేయమని ఆయన చెప్పింది ఏ లెక్క తెలిసీ కాదు. క్యాను మోసి మోసి నాకు నడుం నొప్పి వచ్చిందని.