నిప్పు పుట్టే చోట బొట్టు

ఎమ్మిగనూరులో ఎవరి పాత కారు మొరాయించినా సామ్సన్ షెడ్డుకే వస్తుంది. ముప్ఫై ఏళ్ల అనుభవం. ఇంజన్ దగ్గు విని జబ్బు చెప్పేస్తాడని పేరు. ఆ పేరంటే ఆయనకూ కాస్త ముద్దే. ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే చాలు, బానెట్ ఎత్తి పాఠం మొదలుపెడతాడు.

అంతటి మనిషి ఆ మధ్యాహ్నం ఆదోని దారిలో, ఆగిపోయిన ఇంజన్ ముందు నిలబడి చెమటలు కక్కుతున్నాడు. వెనక సీట్లో కూతురు హెప్సిబా నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది, గంటలో ఆదోని చేర్చకపోతే ఇద్దరికీ ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. అల్లుడు పనికి బెంగళూరు పోయాడు. అంబులెన్సు ఇంకో కేసు మీద పోయింది. అదే వీధిలో ఉండే రిటైర్డ్ టీచరు గురురాజ సంగతి విని, తన పెట్రోలు అంబాసిడర్ తీసి తానే నడుపుకొచ్చాడు. సగం దారిలో ఆ బండి రెండు ఎక్కిళ్లు పెట్టి ఆగింది.

చెయ్యెత్తితే లారీలు ఆగలేదు. ఫోన్ చేస్తే ఇంకో కారు రావడానికి అరగంట అన్నారు. సామ్సన్ భార్య మారెమ్మ కూతురి తల ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేస్తోంది.

హారన్ మోగింది. అంటే బ్యాటరీ బాగుంది. సామ్సన్ ప్లగ్గు వైరు పీకి ఇంజన్ ఇనుముకు దగ్గరగా పట్టి, గురురాజను సెల్ఫ్ కొట్టమన్నాడు. రవ్వ రాలేదు. కాయిల్ వైర్లు విప్పి బిగించాడు. అయినా రాలేదు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మాత్రం ముట్టుకోలేదు. పోయిన వారమే దాన్ని తన చేత్తో శుభ్రం చేశాడు మరి. తన పనిని తానే అనుమానించడమా? ఆ పౌరుషానికి పది నిమిషాలు పోయాయి. వెనక హెప్సిబా కేక వేసింది.

"సామ్సన్, ఆ మూత తీసి చూడప్పా," అన్నాడు గురురాజ, తల వంచుకుని.

తీశాడు. లోపల గంధం, కుంకుమ. నూనెతో కలిపి పక్కన పెట్టిన బొట్టు ఇంజన్ వేడికి కరిగి, రవ్వ పుట్టే రెండు పాయింట్ల మధ్యకు దిగింది. సామ్సన్ నోటిదాకా తిట్టు వచ్చింది.

"నిప్పు యాడ పుడుతుందని అడిగితే నువ్వే చూపించినావు," అన్నాడు గురురాజ. "మొన్న ఆయుధపూజ నాడు ఆడ పెట్టినా. నీ బిడ్డకు నెలలు నిండినాయి, ఈ బండి అవసరం పడుతుందేమో, దారిలో ఏ ఇబ్బందీ రాకూడదని మొక్కుకొని పెట్టినా."

తిట్టు గొంతులోనే ఆగిపోయింది. గుడ్డ పట్టిన చెయ్యి కూడా ఆగింది. బండ్లకు జనం పెట్టుకున్న బొట్టును సామ్సన్ ఎన్నడూ చెరపలేదు. తనది వేరే మతం కాబట్టి ఆ విషయంలో మరీ జాగ్రత్త.

"తుడిచేయప్పా. నీ బిడ్డ కోసమే పెట్టినా, నీ బిడ్డ కోసమే తుడిచేయి."

పెట్రోలు గుడ్డతో తుడిచి, సన్న ఎమెరీ కాగితంతో పాయింట్లు రుద్దాడు. మూత బిగించాడు. మళ్లీ వైరు పట్టాడు. టప్పున నీలం రవ్వ దూకింది. వైరు పెట్టి సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది. ఆదోని ఆసుపత్రి చేరేదాకా గురురాజ బండి ఆపలేదు.

ఆపరేషన్ గది బయట గంటసేపు కూర్చున్నారు. తర్వాత నర్సు పాపను తెచ్చి, తల్లీ బిడ్డా క్షేమమని చెప్పి, తాత ఎవరని అడిగింది. సామ్సన్ చేతులు చాచబోయి మసి చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. మారెమ్మ అప్పటికే కూతురి దగ్గరికి పోయింది. మిగిలింది గురురాజ. ఆయన గట్టి ఆచారపరుడు. ఇన్నేళ్ల పరిచయంలో సామ్సన్ ఇంట మంచినీళ్లు ముట్టలేదు. పురుటి మైలంటే సొంత ఇంట్లోనే ఆమడ దూరం ఉండే మనిషి.

ఆయనే లేచి, ఉత్తరీయం పరిచి, రెండు చేతులూ చాచాడు.

"ఇట్లియ్యమ్మా. వాళ్ల తాత చేతులు కడుక్కొని వచ్చేదాకా నేను ఎత్తుకుంటా."

సామ్సన్ కొళాయి దగ్గరికి పోయాడు. నీళ్లు ధారగా పోతున్నాయి. చేతులు వాటి కింద పెట్టడం మరిచిపోయి, అక్కడే నిలబడి ఏడ్చాడు.